చిత్రకళ ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థులకు ఆర్థిక సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశ్వవిద్యాలయంలో చిత్రకళా బోధన చదువుతున్నవారు, ఆ చదువులో చేరాలనుకుంటున్నవారు స్కాలర్‌షిప్పుల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. పథకాల పేర్లు, మొత్తాలు దేశాన్ని బట్టి మారతాయి. నిబంధనలు వివరంగా, బహిరంగంగా దొరికే అమెరికా, ఇంగ్లండ్‌ల నుంచి ఉదాహరణలు తీసుకున్నాం. దరఖాస్తు రాసే పద్ధతి గురించి చెప్పినవి ఎక్కడివారికైనా పనికొస్తాయి.

ఆర్థిక సాయం అంటే ఏమేమి వస్తాయి?

ప్రతిభ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్, కుటుంబ ఆదాయం చూసి ఇచ్చే గ్రాంట్, విశ్వవిద్యాలయమే ఫీజులో ఇచ్చే మినహాయింపు, చదువయ్యాక ఫలానా రకం బడిలో ఇన్నేళ్లు పనిచేస్తానన్న ఒప్పందం మీద ఇచ్చే సాయం అన్నవి ప్రధానమైనవి. కొన్నిచోట్ల బోధనాభ్యాస కాలానికి స్టైపెండ్, సదస్సులకు ప్రయాణ ఖర్చులు, సామగ్రి కొనుక్కోవడానికి చిన్న మొత్తాలు కూడా దొరుకుతాయి. పేరును బట్టి స్వభావాన్ని ఊహించుకోకూడదు. గ్రాంట్ అని రాసి ఉన్నది షరతు తప్పితే అప్పుగా మారవచ్చు. అవార్డు అని రాసి ఉన్నది ప్రశంసాపత్రంతో, ఏడాది సభ్యత్వంతో సరిపెట్టవచ్చు. నిబంధనల పత్రం చేతికి రాగానే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఏ ఖర్చుకు వాడుకోవచ్చో, ఏ పరిస్థితిలో వెనక్కి అడుగుతారో ముందు చూడండి. మిగతాదంతా ఆ తరవాత చదువుకోవచ్చు.

లలితకళల విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్పుకూ దీనికీ తేడా ఏమిటి?

లలితకళల స్కాలర్‌షిప్పు మీ బొమ్మను చూస్తుంది. బోధనా స్కాలర్‌షిప్పు మీ బొమ్మతోపాటు, దాన్ని మరొకరికి నేర్పగల మీ శక్తిని చూస్తుంది. ఈ తేడా తెలియక రెండింటికీ ఒకే దరఖాస్తు పంపేవారు చాలామంది. పన్నెండు అందమైన తైలవర్ణ చిత్రాలు పంపి, వాటిని చూడగానే తమ అర్హత తేలిపోతుందని అనుకుంటారు. కమిటీలో కూర్చున్నవారిలో ఎక్కువమంది బడిలో ఏళ్లతరబడి పాఠాలు చెప్పినవారై ఉంటారు. ముప్ఫైమంది పిల్లలు, రెండు సింకులు, నలభై నిమిషాల పీరియడ్ ఉన్న గదిలో ఈ అభ్యర్థి ఏం చేస్తాడన్నది వాళ్ల మనసులో మెదిలే ప్రశ్న. మీ దరఖాస్తులో దానికి జవాబు ఎక్కడో ఒకచోట కనిపించాలి. కింద ఇచ్చిన సలహాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయని ముందే చెప్పడం మంచిది.

ఇవి ఎవరిస్తారు, ఎక్కడ వెతకాలి?

మొదట మీ విభాగం కార్యాలయంలో అడగండి. పూర్వ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఆచార్యుల పేరిట ఏర్పాటైన నిధులు చాలా విభాగాల్లో ఉంటాయి. వాటికి పోటీ తక్కువ, కారణం వాటి ప్రకటన నోటీసు బోర్డు దాటి బయటకు రాకపోవడమే. తరవాత చూడాల్సినవి వృత్తి సంఘాలు. అమెరికాలో 1947లో ఏర్పడిన నేషనల్ ఆర్ట్ ఎడ్యుకేషన్ అసోసియేషన్‌కు విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి శాఖలు ఉన్నాయి, దానికి అనుబంధంగా రాష్ట్ర స్థాయి సంఘాలూ పనిచేస్తున్నాయి. బ్రిటన్‌లో 1888 నాటి మూలాలున్న నేషనల్ సొసైటీ ఫర్ ఎడ్యుకేషన్ ఇన్ ఆర్ట్ అండ్ డిజైన్ ఉంది. అంతర్జాతీయ స్థాయిలో యునెస్కో చొరవతో 1954లో ఏర్పడిన ఇన్సియా అనే చిత్రకళా విద్య సంస్థ ఉంది. సంఘాలిచ్చే మొత్తాలు సాధారణంగా చిన్నవి, పైగా సభ్యత్వం ఉండాలన్న నిబంధన ఉంటుంది. అయినా విద్యార్థి సభ్యత్వ రుసుము తక్కువ కాబట్టి చేరడమే మేలు. చివరి తేదీకి ముందురోజు చేరినవారిని అనర్హులుగా తేల్చే సంఘాలూ ఉన్నాయి గనుక చదువు మొదటి ఏడాదే ఆ పని ముగించండి.

ప్రభుత్వ పథకాలు మూడో వరస. మొత్తాలు పెద్దవీ, మెలికలు ఎక్కువవీ ఇక్కడే ఉంటాయి.

ఏ సంవత్సరం చదువుతున్నవారు దరఖాస్తు చేయవచ్చు?

మొదటి ఏడాది విద్యార్థులకు ప్రవేశ సమయంలో ఇచ్చేవి వేరు, ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమంలోకి అధికారికంగా తీసుకున్నాక ఇచ్చేవి వేరు. రెండో రకమే ఎక్కువ. నాలుగేళ్ల డిగ్రీలో శిక్షణ ప్రవేశం మూడో ఏట జరిగే చోట్ల తొలి రెండేళ్లూ మీరు లెక్క ప్రకారం కేవలం చిత్రకళ విద్యార్థి. దరఖాస్తు ఫారంలో "శిక్షణలో చేరిన తేదీ" అన్న గడి ఖాళీగా వదిలితే చాలాచోట్ల అది అక్కడే ఆగిపోతుంది. డిగ్రీ ముగించి ఏడాది శిక్షణలో చేరేవారు ప్రవేశానికి, సాయానికి విడివిడిగా దరఖాస్తు చేయాలో, ఒకటి చేస్తే రెండోది దానంతటదే పరిశీలనకు వెళుతుందో కనుక్కోవాలి.

మార్కులు ఎంత ఉండాలి?

పథకాన్ని బట్టి. అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంట్‌కు 4 పాయింట్ల కొలమానంలో కనీసం 3.25 సగటు ఉండాలి, లేదా ప్రవేశ పరీక్షలోని ఏదో ఒక విభాగంలో 75వ పర్సెంటైల్‌కు పైన ఉండాలి. స్టూడియో కోర్సుల్లో మంచి మార్కులు, విద్యాశాస్త్రం కోర్సుల్లో అంతంతమాత్రం మార్కులు ఉన్న విద్యార్థి మొత్తం సగటు బాగానే కనబడుతుంది. కమిటీ మాత్రం మార్కుల పట్టీని కోర్సుల వారీగా చదువుతుంది. బాల మనోవిజ్ఞానంలో తక్కువ వచ్చి ఉంటే దానికి కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. సంజాయిషీ పేరా దాటితే చదివేవారికి అనుమానం పెరుగుతుంది.

షరతుతో కూడిన గ్రాంట్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ ఒప్పందంలోని ప్రతి వాక్యాన్నీ అప్పుపత్రం చదివినంత జాగ్రత్తగా చదివాక. అమెరికా టీచ్ గ్రాంట్‌నే తీసుకుందాం. 2007లో చేసిన చట్టం ద్వారా వచ్చిన ఈ పథకం కింద ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇస్తారు. బడ్జెట్ కోతల వల్ల ఇటీవలి సంవత్సరాల్లో చేతికందేది దానికి కొంత తక్కువ. బదులుగా విద్యార్థి ఒక సేవా ఒప్పందంపై సంతకం చేయాలి. చదువు ముగిసిన ఎనిమిదేళ్లలోపు నాలుగేళ్లపాటు పూర్తికాల ఉపాధ్యాయుడిగా, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు చదివే బడిలో, కొరత ఉన్న సబ్జెక్టును బోధించాలన్నది దాని సారాంశం.

చిత్రకళ విద్యార్థులకు చిక్కు వచ్చేది చివరి మాట దగ్గరే. గణితం, సైన్సు, విదేశీ భాషలు, ప్రత్యేక విద్య వంటివి చట్టంలోనే కొరత సబ్జెక్టులుగా ఉన్నాయి. చిత్రకళ ఆ శాశ్వత జాబితాలో లేదు. ఏటా ప్రకటించే ఉపాధ్యాయ కొరత జాబితాలో ఒక రాష్ట్రం చిత్రకళను చేర్చితేనే అక్కడ అది లెక్కలోకి వస్తుంది. గ్రాంట్ తీసుకున్న నాడు జాబితాలో ఉండి, ఉద్యోగంలో చేరేనాటికి తొలగిపోయినా చెల్లుతుందన్న వెసులుబాటు ఉంది. అయితే మీరు చెప్పే తరగతుల్లో సగానికి పైగా ఆ సబ్జెక్టువే అయి ఉండాలి. చిన్న బడుల్లో చిత్రకళ ఉపాధ్యాయులకు రెండు తరగతులు చిత్రకళ, మూడు తరగతులు మరేదో ఇవ్వడం కొత్త సంగతి కాదు. అలాంటి టైమ్‌టేబుల్ చేతికొచ్చినప్పుడు ఆ ఏడాది సేవ లెక్కకు రాకుండా పోయే ప్రమాదం ఉంది.

షరతు నెరవేరకపోతే అప్పటిదాకా తీసుకున్న గ్రాంట్ మొత్తం అప్పుగా మారుతుంది. వడ్డీని గ్రాంట్ అప్పుగా మారిన రోజు నుంచి కాక, డబ్బు విడుదలైన రోజు నుంచే లెక్కిస్తారు. సేవ చేస్తున్నా ధ్రువీకరణ పత్రాలు ఆలస్యమైనందుకు గతంలో వేలమంది ఉపాధ్యాయుల గ్రాంట్లు అప్పులుగా మారి పెద్ద వివాదమైంది. తరవాత వాటి పునఃపరిశీలనకు అవకాశం ఇచ్చారు, 2021 జులై నుంచి నిబంధనలనూ సడలించారు. అయినా మా మాట ఒక్కటే: పంపిన ప్రతి కాగితానికీ నకలు, పంపిన తేదీ మీ దగ్గర ఉండాలి.

ఇలాంటి బడుల్లో పనిచేయాలన్న కోరిక మీకు ముందే ఉంటే ఈ గ్రాంట్ మంచి సాయం. డబ్బు కోసం ఒప్పుకుని తరవాత చూసుకుందాంలే అనుకునేవారు మామూలు విద్యారుణం తీసుకోవడమే నయం. దానికి కనీసం ఏమి కట్టాలో మొదటి రోజే తెలుస్తుంది.

ప్రభుత్వ బర్సరీ ప్రతి ఏడాదీ ఉంటుందా?

ఉండదు. ఇంగ్లండ్ అనుభవం ఇందుకు స్పష్టమైన నిదర్శనం. అక్కడ డిగ్రీ అయ్యాక ఏడాది శిక్షణ తీసుకునేవారికి ప్రభుత్వం సబ్జెక్టుల వారీగా బర్సరీ, అంటే శిక్షణ కాలపు ఆర్థిక సాయం, ప్రకటిస్తుంది. చిత్రకళ, డిజైన్‌కు 2020-21లో 9,000 పౌండ్లు ఇచ్చారు. మరుసటి ఏడాదికి పూర్తిగా ఎత్తేశారు. 2024-25లో మళ్లీ 10,000 పౌండ్లు ప్రకటించారు. ఏ సబ్జెక్టుకు ఎంతమంది ఉపాధ్యాయులు తక్కువయ్యారన్న అంచనాను బట్టి ఈ మొత్తాలు పెరగడం, తగ్గడం జరుగుతుంది తప్ప, సబ్జెక్టు విలువ మీద అది తీర్పు కాదు. చిత్రకళ శిక్షణకు అభ్యర్థులు తగినంతగా వస్తే ఆ మరుసటి ఏడాది డబ్బు తగ్గడం సహజం.

కాబట్టి ముందు ఏడాది శిక్షణ తీసుకున్న స్నేహితుడికి వచ్చింది కాబట్టి మీకూ వస్తుందని లెక్క వేసుకోకండి. మీరు చేరబోయే విద్యాసంవత్సరం ప్రకటన వెలువడ్డాకే ఇంటి అద్దె ఒప్పందాలు, ఉద్యోగం మానడం వంటి నిర్ణయాలు తీసుకోండి. ఆ బర్సరీని మామూలుగా నెలనెలా పది విడతల్లో ఇస్తారు. శిక్షణ మధ్యలో ఆపేస్తే మిగిలిన విడతలు ఆగిపోతాయి. జీతంతో శిక్షణ పొందేవారికి అది వర్తించదు.

బోధనాభ్యాసం చేసే నెలల్లో డబ్బు ఎలా?

మిగతా కాలమంతా ఎలాగో నెట్టుకొచ్చిన విద్యార్థి తడబడేది ఇక్కడే. ఉదయం నుంచి సాయంత్రం దాకా బడిలో ఉండి, రాత్రి మరుసటి రోజు పాఠానికి కాగితాలు కత్తిరించుకునేవారికి పార్ట్‌టైమ్ ఉద్యోగం కుదరదు. ఫీజు మాత్రం కట్టాలి. పనిచేస్తున్నా జీతం లేదు, పైగా తనే కట్టి పనిచేయాలి. ఉపాధ్యాయ విద్యలో ఇంతకాలం ఎవరూ పట్టించుకోని అన్యాయం ఇదేనని మా అభిప్రాయం.

ఇటీవల కొన్ని ప్రభుత్వాలు దీన్ని గుర్తించాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం బోధనాభ్యాసం చేసే విద్యార్థికి సెమిస్టర్‌కు 9,600 డాలర్ల స్టైపెండ్ ఇచ్చే పథకం మొదలుపెట్టింది. పెన్సిల్వేనియా 2023లో చేసిన చట్టంతో 10,000 డాలర్లు, ఉపాధ్యాయులు దొరకని బడిలో అభ్యాసం చేస్తే అదనంగా 5,000 డాలర్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. అందుకు బదులు మూడేళ్లు ఆ రాష్ట్రంలో పనిచేయాలి. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో 2024లో దరఖాస్తులు తీసుకోగా, ఉన్న నిధులకు మించి వచ్చాయి. ఇలాంటి పథకాలకు దరఖాస్తు తెరిచే గంట ముఖ్యం. బడి కేటాయింపు పత్రం, విశ్వవిద్యాలయ ధ్రువీకరణ, బ్యాంకు వివరాలు ముందే స్కాన్ చేసి ఉంచుకోండి.

ఇలాంటి స్టైపెండ్ లేని చోట, వచ్చిన స్కాలర్‌షిప్పును అంతకుముందు సెమిస్టర్లలో ఖర్చు చేయకుండా బోధనాభ్యాస కాలానికి మార్చమని దాతను అడగవచ్చు. మొహమాటపడాల్సిన పని లేదు. కారణం రాసి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

పది నుంచి పదిహేను చిత్రాలు అడగడం మామూలు. అడిగిన సంఖ్యకు ఒక్కటి కూడా ఎక్కువ పంపవద్దు. మీకు నచ్చిన మాధ్యమంలోనే అన్నీ ఉంటే, బడిలో నేర్పాల్సిన మిగతావాటి సంగతేమిటన్న సందేహం వస్తుంది. అందుకని గీత, రంగు, మట్టి, ముద్రణ, డిజిటల్ వీటిలో కనీసం మూడు కనిపించేలా ఎంచుకోండి. నైపుణ్యం సమానంగా లేకపోయినా ఫరవాలేదు. పెన్సిల్ స్కెచ్చు నుంచి తుది ముద్రణ దాకా ఒకే పని ఎలా మారిందో చూపే నాలుగు దశల చిత్రాలు పెడితే, ప్రక్రియను విడగొట్టి చెప్పగలరన్న నమ్మకం కలుగుతుంది. నేర్పడమంటే అదే కదా.

ఫోటో నాణ్యత దగ్గర చాలామంది నష్టపోతారు. గ్లేజు వేసిన కుండను ఫ్లాష్‌తో తీస్తే పొట్ట మీద తెల్లటి మచ్చ పడి రంగే కనిపించదు. ఉత్తరపు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, బూడిదరంగు కాగితం వెనక పరచి తీయండి. గోడకు ఆనించిన చిత్రాన్ని కిందినుంచి తీస్తే దీర్ఘచతురస్రం ట్రెపీజియం అయిపోతుంది. కెమెరాను చిత్రం మధ్యభాగం ఎత్తులో, సమాంతరంగా ఉంచాలి. ఫ్రేము, గోడ, బల్ల అంచు కనబడకుండా కత్తిరించండి. ఫైలు పేరులో మీ ఇంటిపేరు, వరస సంఖ్య ఉండాలి. కొలతలు, మాధ్యమం, సంవత్సరం అన్నవి చిత్రం మీద కాకుండా విడి పట్టికలో రాయండి.

పిల్లలు చేసిన పనులు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, పెట్టాలి కూడా. మీ పాఠం నుంచి వచ్చిన పిల్లల పనులు నాలుగు చూపిస్తే, మీ సొంత చిత్రాలు పది చెప్పలేని సంగతి చెబుతాయి. ఆ నాలుగూ ఒకదాన్ని చూసి ఇంకొకటి గీసినట్టు ఉంటే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఒకే పాఠానికి భిన్నమైన జవాబులు కనిపించాలి. ఒకడు కాగితమంతా నింపుతాడు, ఇంకొకరు మూలన చిన్న బొమ్మ గీసి మిగతాది ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ గురించి మీరు ఆ పిల్లను ఏమడిగారో రెండు వాక్యాల్లో రాయండి.

బడి నుంచి, తల్లిదండ్రుల నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోవడం తప్పనిసరి. పిల్లల పేర్లు, ముఖాలు, యూనిఫారం మీది బడి గుర్తు కనిపించకూడదు. పని వెనక పేరు రాసి ఉంటే అదీ చెరిపేయండి. అనుమతి లేని ఫోటోలు పంపిన దరఖాస్తును కమిటీ పక్కన పెట్టేస్తే తప్పు పట్టలేం. పిల్లల విషయంలో జాగ్రత్త లేనివారిని ఉపాధ్యాయులుగా ప్రోత్సహించడం ఎవరికీ ఇష్టం ఉండదు.

వ్యాసంలో ఏం రాయాలి?

"చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలంటే ప్రాణం" అన్న వాక్యంతో మొదలయ్యే వ్యాసాలు కుప్పలుగా వస్తాయి. అది నిజమే కావచ్చు, కానీ దాని నుంచి చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు. కళ మనిషిని మారుస్తుంది, సృజన ప్రతి పిల్లలోనూ ఉంది వంటి మాటలూ అంతే. కమిటీలోనివారంతా వాటితో ఏకీభవించేవారే గనుక వాటిని నిరూపించాల్సిన అవసరం లేదు.

ఒక్క పాఠం గురించి రాయండి. ఉదాహరణకు, రెండో తరగతి పిల్లలకు చిరిగిన కాగితాలతో కొలాజ్ చెప్పాలనుకున్నారు. కత్తెర వాడవద్దన్నది మీ నియమం. చేతితో చింపితే అంచు వంకరగా వస్తుందని ఒక పిల్లవాడు పని ఆపేసి కూర్చున్నాడు. ఆ వంకర అంచులను కిటికీకి ఎదురుగా పట్టి, అవి కొండల్లా ఉన్నాయా అలల్లా ఉన్నాయా అని మీరు అడిగారు. వాడు "మబ్బులు" అన్నాడు. పాఠం అక్కడి నుంచి మీ ప్రణాళికలో లేని దారి పట్టింది. ఇలాంటి పేరా ఒకటి ఉంటే, బోధన పట్ల మీ వైఖరి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మీరు ఇంకా బడి మెట్లెక్కకపోతే, వేసవి శిబిరంలోనో, ఇంట్లో పిల్లలకో, తోటి విద్యార్థికో ఏదైనా నేర్పిన సందర్భం వాడుకోండి.

డబ్బు ఎందుకు అవసరమో రాయమంటే దాచకుండా రాయండి. కుటుంబ కష్టాలను విస్తరించి రాయడం కన్నా, ఫలానా సెమిస్టర్‌లో ఫలానా ఖర్చుకు ఇంత తక్కువ పడుతోందని చెప్పడం ఎక్కువ గౌరవంగానూ, నమ్మదగినదిగానూ ఉంటుంది. పదాల పరిమితిని దాటవద్దు. మీ వ్యాసాన్ని చిత్రకళతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించండి. వాళ్లకు అర్థం కాని మాట ఉంటే అది కమిటీని మెప్పించడానికి పెట్టినదై ఉంటుంది.

పాఠ్యప్రణాళిక అడిగితే ఎలాంటిది పంపాలి?

మీరు నిజంగా చెప్పిన పాఠం పంపండి. లక్ష్యం, సామగ్రి, సమయ విభజన, మూల్యాంకనం ఎలాగూ ఉంటాయి. తేడా తెచ్చేవి రెండు చిన్న విషయాలు: చివరి ఏడు నిమిషాల్లో బ్రష్షులు కడగడం, బల్లలు తుడవడం, తడి పనులు ఆరబెట్టడం ఎలా జరుగుతుందన్నది, చేతివేళ్ల మీద పట్టు తక్కువ ఉన్న పిల్ల, రంగుల తేడా పోల్చుకోలేని పిల్లవాడు ఈ పాఠంలో ఎలా పాల్గొంటారన్నది. ఇవి రాసినవారు తరగతి చూసినవారని అనుభవజ్ఞులకు వెంటనే తెలుస్తుంది.

సిఫారసు లేఖలు ఎవరితో రాయించుకోవాలి?

ఒకటి స్టూడియో ఆచార్యులది, ఇంకొకటి మీ బోధనను కళ్లారా చూసినవారిది. రెండోది ముఖ్యం. పెద్ద పేరున్న చిత్రకారుడి రెండు పొగడ్త వాక్యాల కన్నా, మీ వెనక కూర్చుని పాఠం గమనించిన బడి ఉపాధ్యాయురాలి పేజీ ఎక్కువ పనిచేస్తుంది. కనీసం నెల ముందు అడగండి. అడిగేటప్పుడు పథకం వివరాలు, మీ వ్యాసం చిత్తుప్రతి, వాళ్ల దగ్గర మీరు చేసిన పనిని గుర్తుచేసే నాలుగు మాటలు ఇవ్వండి. రాయడానికి ఇష్టపడనివారు కాదనడానికి వీలుండేలా అడగడం మర్యాద, మీకు లాభం కూడా. మొహమాటానికి రాసిన లేఖ చదవగానే తెలిసిపోతుంది.

సామగ్రి ఖర్చు చూపమంటే ఎలా లెక్క వేయాలి?

మిగతా ఉపాధ్యాయ విద్యార్థులకు లేని భారం ఇది. సొంత స్టూడియో కోర్సులకు కాన్వాసు, రంగులు, మట్టి, కొలిమిలో కాల్చినందుకు రుసుము ఉంటాయి. పోర్ట్‌ఫోలియో ఫోటోలు, ముద్రణ ఉంటాయి. బోధనాభ్యాసంలో పిల్లల కోసం కొనేవి ఉంటాయి. ఈ మూడో రకాన్ని చాలామంది లెక్కలో రాయరు. బడి ఇచ్చే కాగితం పలచగా ఉండి నీటిరంగుకు నలిగిపోతే, మందపాటి కాగితం విద్యార్థి ఉపాధ్యాయుడే కొంటాడు. ఒక సెమిస్టర్ రశీదులు దాచి, వాటిని ఆధారంగా తరవాతి సెమిస్టర్ అంచనా వేయండి. "ఇతరములు" అన్న పద్దు కింద పెద్ద మొత్తం చూపిస్తే ప్రశ్న తప్పదు.

రెండు మూడు చోట్ల వస్తే అన్నీ తీసుకోవచ్చా?

దాతలు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. అడ్డుపడేది విశ్వవిద్యాలయ సహాయ కార్యాలయం. బయటి స్కాలర్‌షిప్ రాగానే తామిచ్చే గ్రాంట్‌ను అంతమేర తగ్గించే పద్ధతి చాలాచోట్ల ఉంది. అలా జరిగితే కష్టపడి సంపాదించిన డబ్బు మీ ఖర్చు తగ్గించకుండా విశ్వవిద్యాలయం ఖర్చును తగ్గిస్తుంది. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇలా చేయకుండా మొదట నియంత్రించిన రాష్ట్రం మేరీలాండ్, 2017లో. మీ దగ్గర అలాంటి రక్షణ లేకపోతే, తగ్గించేదేదో గ్రాంట్‌లో కాకుండా రుణం వాటాలో తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. అడిగినవారికి కుదిరిన సందర్భాలు తక్కువేమీ కాదు.

వచ్చిన డబ్బు మీద పన్ను ఉంటుందా?

దేశాన్ని బట్టి. అమెరికాలో డిగ్రీ చదివేవారికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు తప్పనిసరిగా కావాల్సిన పుస్తకాలు, సామగ్రికి వాడిన స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను లేదు. వసతికి, భోజనానికి వాడిన భాగం ఆదాయంగా లెక్కకు వస్తుంది. చిత్రకళ విద్యార్థులు గమనించాల్సింది, ఆ సామగ్రి కోర్సులోని అందరికీ తప్పనిసరి అని ఉండాలి. అందుకని సిలబస్‌లోని సామగ్రి పట్టికను రశీదులతో కలిపి దాచుకోండి. ఇంగ్లండ్ శిక్షణ బర్సరీ మీద ఆదాయపు పన్ను లేదు.

వేరే దేశంలో చదువుతున్నవారికి దొరుకుతాయా?

ప్రభుత్వ నిధులతో నడిచేవి ఎక్కువగా పౌరులకు, శాశ్వత నివాసులకే. టీచ్ గ్రాంట్ ఎఫ్-1 (విదేశీ విద్యార్థి) వీసా మీద చదివేవారికి రాదు. విశ్వవిద్యాలయ ఫీజు మినహాయింపులు, విభాగం నిధులు, సంఘాల అవార్డులకు పౌరసత్వ నిబంధన లేని సందర్భాలు చాలా ఉన్నాయి గనుక అక్కడ ప్రయత్నించండి. పనిచేస్తానన్న ఒప్పందం ఉన్న సాయం విషయంలో, చదువయ్యాక ఆ దేశంలో ఉపాధ్యాయుడిగా ఉండే చట్టబద్ధ వీలు మీకు ఉంటుందో లేదో చూసుకోకుండా సంతకం చేయవద్దు.

కోర్సు మారినా, మధ్యలో ఆగినా ఏమవుతుంది?

చిత్రకళా బోధన నుంచి లలితకళలకో, మరో సబ్జెక్టు బోధనకో మారితే పునరుద్ధరించే స్కాలర్‌షిప్ ఆగుతుంది. అనారోగ్యం, ప్రసవం వంటి కారణాలతో ఒక సెమిస్టర్ ఆగితే, వాయిదాకు దరఖాస్తు చేసుకునే వీలు చాలా పథకాల్లో ఉంది. ఆగాక చెప్పడం కాదు, ఆగబోయేముందు చెప్పాలి.

రుసుము కట్టమంటున్నారు, కట్టవచ్చా?

సంఘ సభ్యత్వ రుసుము వేరు. స్కాలర్‌షిప్ మంజూరైంది, విడుదలకు ఇంత పంపండి అని ఎవరైనా అడిగితే అది మోసం. ఫోన్లో బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగినా అంతే.

రాకపోతే మళ్లీ అదే చోట దరఖాస్తు చేయవచ్చా?

చేయవచ్చు. కమిటీ అభిప్రాయం చెప్పగలరేమోనని మర్యాదగా ఒక లేఖ రాయండి. కొందరు జవాబిస్తారు, కొందరు ఇవ్వరు. మరుసటి ఏడాది పాత వ్యాసాన్నే పంపవద్దు. ఈ మధ్యకాలంలో మీరు చెప్పిన పాఠాలు పెరిగి ఉంటాయి కాబట్టి కొత్త వ్యాసానికి సరుకు దానంతటదే దొరుకుతుంది.

వచ్చాక చేయాల్సినవి ఏమిటి?

అంగీకార పత్రం గడువులోపు పంపాలి, సహాయ కార్యాలయానికి తెలపాలి, దాతకు కృతజ్ఞతా లేఖ రాయాలి. ఆ లేఖలో మీ బోధనాభ్యాసం నుంచి ఒక ఫోటో జతచేస్తే దాతలు సంతోషిస్తారు, పిల్లల ముఖాల గురించి పైన చెప్పిన నియమం ఇక్కడా వర్తిస్తుంది. కొన్ని పథకాలు ఏడాది చివర ఖర్చు నివేదిక అడుగుతాయి. అది పంపనివారికి రెండో విడత ఆపేస్తాయి.

ఉద్యోగంలో చేరాక కూడా ఏదైనా సాయం ఉందా?

సమాఖ్య విద్యారుణం ఉన్న అమెరికా ఉపాధ్యాయులకు, తక్కువ ఆదాయ ప్రాంతపు బడిలో వరసగా ఐదేళ్లు పూర్తికాలం పనిచేస్తే కొంత మాఫీ ఉంది. ఉన్నత పాఠశాలలో గణితం, సైన్సు చెప్పేవారికి, ప్రత్యేక విద్య ఉపాధ్యాయులకు 17,500 డాలర్ల వరకు, చిత్రకళ వంటి మిగతా సబ్జెక్టులవారికి 5,000 డాలర్ల వరకు. ఈ తేడా న్యాయమా అంటే కాదనే అంటాం, అయినా 5,000 వదులుకోదగ్గ మొత్తం కాదు. మీ బడి తక్కువ ఆదాయ ప్రాంతపు బడుల జాబితాలో ఉందో లేదో నియామక పత్రం మీద సంతకం చేసేముందే చూసుకోండి. వరసగా ఐదేళ్లన్న నియమం ఉంది గనుక మధ్యలో బడి మారితే కొత్త బడి కూడా ఆ జాబితాలో ఉండాలి.